పందికొక్కు నుంచి బాండికూట్ దాకా: ఒక మాట ప్రయాణం

(నెల్లూరులో భాష మీద ఇష్టమున్నవాళ్లు, బడిపంతుళ్లు, విద్యార్థులు కూడిన సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్లు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. రండి, కూర్చోండి.

ఈ సాయంత్రం ఒకే ఒక్క మాట గురించి మాట్లాడుకుందాం. ఇంగ్లీషు మాట. బాండికూట్. పిల్లలకు ఈ మాట వీడియో గేము వల్ల తెలుసు. 1996లో వచ్చిన క్రాష్ బాండికూట్ అనే ఆటలో గంతులేసే జంతువు అదే. పెద్దవాళ్లకు మునిసిపాలిటీ కాగితాల్లోనో, వ్యవసాయశాఖ కరపత్రాల్లోనో తగిలి ఉంటుంది. ఇంగ్లీషు నిఘంటువులో చూస్తే దీనికి రెండు అర్థాలు కనిపిస్తాయి. ఒకటి, మన దేశంలోనూ చుట్టుపక్కల దేశాల్లోనూ ఉండే పెద్ద ఎలుక. రెండోది, ఆస్ట్రేలియా, న్యూగినీల్లో ఉండే పొడుగుమూతి జంతువు. దానికి కంగారూకు ఉన్నట్టు పొట్టకింద సంచి ఉంటుంది. ఆ పక్కనే పుట్టుక రాసి ఉంటుంది. ఏమని రాసి ఉంటుంది? తెలుగు, పందికొక్కు. పంది లాంటి కొక్కు, అంటే పంది లాంటి ఎలుక అని అర్థం.

తమిళం అని లేదు. హిందీ అని లేదు. తెలుగు అని ఉంది.

మంచిదే, మన మాట ఇంగ్లీషులోకి ఎక్కింది, సంతోషం. కానీ నేను ఇవాళ అడగదలచింది ఏందంటే, ఆ సంగతి మనకెట్లా తెలుసు? నిఘంటువులో ఉంది కాబట్టి తెలుసు అంటే చాలదు. నిఘంటువు రాసినవాళ్లకు ఎట్లా తెలిసింది? రోజూ ఫోన్లకు వస్తుంటాయి చూడండి, ఫలానా ఇంగ్లీషు మాట మన తెలుగుదే, ఫలానా గ్రీకు మాట సంస్కృతానిదే అని. రెండు మాటలు చెవికి ఒకేలా వినబడితే చాలు, తల్లీబిడ్డల్ని చేసేస్తారు. అట్లా కుదరదండీ. ఒక మాట ఒక భాష నుంచి ఇంకో భాషకు పోయిందని చెప్పాలంటే నాలుగు సంగతులు కలవాలి. వస్తువు కలవాలి, చోటు కలవాలి, కాలం కలవాలి, ధ్వని మారిన తీరుకు కారణం చెప్పగలగాలి. ఈ నాలుగూ కలిసిన మాట పందికొక్కు. అందుకే దీన్ని ఎంచుకున్నాను. ఇది నేర్చుకుంటే మిగతా మాటల్ని ఎట్లా పరీక్షించాలో తెలుస్తుంది.

ముందు వస్తువు చూద్దాం. పెన్నా కాలవల కింద సేద్యం చేసేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, మీకు నేను చెప్పేదేముంది? అయినా ఊళ్లో పెరిగిన పిల్లల కోసం చెబుతాను. మనం పందికొక్కు అని పిలిచేవాటిలో రెండు రకాలున్నాయి. పెద్దది అరకిలో నుంచి కిలో దాకా తూగుతుంది. ముక్కు దగ్గర్నుంచి తోక చివరి దాకా కొలిస్తే అర మీటరు ఉంటుంది. చిన్నరకం పావుకిలో, కొంచెం అటూ ఇటూ. పొలంగట్లను గుల్ల చేసేది ఎక్కువగా ఈ చిన్నదే. రెండింటికీ బొచ్చు బిరుసుగా, నలుపు కలిసిన మట్టిరంగులో ఉంటుంది. మూతి మొద్దుగా, వెడల్పుగా ఉంటుంది. కోపం వస్తే వీపు మీది వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి.

ఇప్పుడు అసలు సంగతి. దీన్ని మూలకు తరిమితే కిచకిచలాడదు. గుర్రుమంటుంది. పంది గుర్రుమన్నట్టే గుర్రుమంటుంది. ఇంకొకటి, ముట్టెతో పంది నేలను పెళ్లగించినట్టే ఇది మట్టిని పెళ్లగిస్తుంది. కలుగు దగ్గర చూడండి, తాజా మట్టి కుప్ప పోసినట్టు ఉంటుంది. చిట్టెలుక బొక్క దగ్గర అంత మట్టి కనబడదు. లోపలికి పోయాక కలుగు నోటిని మళ్లీ మట్టితో మూసుకునే అలవాటు కూడా దీనికి ఉంది. లోపల ఒక దారి కాదు, చాలా దారులు. ఒక అర పిల్లలకు, ఒక అర గింజలకు. కంకులు గట్టిపడే వేళకు దుబ్బును ఏటవాలుగా కొరికి, కంకులు లాక్కుపోయి లోపల దాచుకుంటుంది. పందిలా గుర్రుమనడం, పందిలా తవ్వడం, ఎలుకల్లో పందంత బలుపు. పేరు పెట్టినవాడెవడో గానీ చెవీ కన్నూ రెండూ పెట్టి చూసి పెట్టాడు.

ఈ మాట మన నోళ్లలో ఆ గుణంతోనే నిలిచింది. గాదె కింద పందికొక్కు అంటాం. ఎవరిని అంటాం? దాచిన సొమ్మును కంటికి కనబడకుండా కింద నుంచి తినేసేవాణ్ణి అంటాం. పైనుంచి చూస్తే గాదె నిండుగానే ఉంటుంది. కింద మట్టి తొలిచి, మట్టు దగ్గర గింజ లాగేసి ఉంటుంది. పందికొక్కుల్లా దోచుకు తిన్నారు అని ఎన్నికలప్పుడు ఏ ఊరి రచ్చబండ దగ్గరైనా వింటాం. మీరు హిందీ నిఘంటువు చూస్తే ఈ జంతువును ఘూస్ అంటారు. ఘూస్ అన్న శబ్దానికి హిందీలో లంచం అన్న అర్థం కూడా ఉంది. చూశారా!

ఈ జంతువు సంగతి బాగా తెలిసినవాళ్లు మన జిల్లాలో యానాదులు. కలుగులు ఎన్నున్నాయో ముందు నడిచి చూసి, ఒకటి వదిలి మిగిలినవన్నీ మట్టితో పూడ్చి, ఆ ఒక్కదానికి పొగకుండ పెట్టి ఊదుతారు. కుండలో గడ్డి రగిలించి, అడుగున చేసిన చిల్లు నుంచి నోటితో గాలి ఊదితే పొగంతా లోపలికి పోతుంది. పూడ్చని కలుగు ఒక్కటి మిగిలినా పొగ అటు నుంచి పోతుంది, జంతువూ అటు నుంచే పోతుంది. అందుకే తొందరపడకుండా ముందు చుట్టూ నడిచి చూస్తారు. ఈ నేర్పుకు మనం ఇచ్చే గౌరవం చాలదని నా అభిప్రాయం. ఒక మాటకు అర్థం తెలియడం అంటే ఆ మాట వెనకున్న ఈ పని తెలియడమే కదా.

సరే, వస్తువు చూశాం. ఇక చోటు.

సూళ్లూరుపేట, తడ వైపు నుంచి ఎవరైనా వచ్చారా? చెయ్యెత్తండి. మంచిది. మీకు తమిళం వచ్చు. పందికొక్కును తమిళంలో ఏమంటారు? పెరుచ్చాళి. అంతే కదా! మరి తమిళంలో కొక్కు అంటే ఏంది? కొంగ! మనకు ఎలుక, వాళ్లకు కొంగ. అదే శబ్దం, వేరే జీవి. పందిని తమిళులు ఏమంటారు? మాట్లాడేటప్పుడు పన్ని అంటారు. మలయాళంలోనూ పన్ని, మలయాళంలోనూ పెరుచ్చాళే. కన్నడంలో పంది హంది అవుతుంది, పందికొక్కు హెగ్గణ అవుతుంది. ఇప్పుడు మీరే చెప్పండి. పంది అన్న రూపం, దానికి ఎలుక అనే అర్థంలో కొక్కు, ఈ రెండూ కలిసి ఒకే మాటగా ఉన్న భాష దక్షిణాదిలో ఏది? తెలుగు ఒక్కటే. ఇంగ్లీషువాడు ఈ మాట తమిళుడి దగ్గర నేర్చుకుని ఉంటే ఇవాళ ఇంగ్లీషులో పెరుచ్చాళికి ఏదో వికృతి ఉండేది. కన్నడిగుడి దగ్గర నేర్చుకుంటే మొదటి అక్షరం హ ఉండేది. ఒక మాట ఇల్లు ఏదో తేల్చాలంటే పొరుగు ఇళ్లు కూడా తట్టి చూడాలి. ఇది గట్టి సాక్ష్యం. నాకు అన్నిటికంటే నచ్చే సాక్ష్యం కూడా ఇదే.

సింహళంలో మాత్రం ఇంకో ముచ్చట ఉంది. వాళ్లు దీన్ని ఊరు మీయా అంటారు. ఊరు అంటే అక్కడ పంది, మీయా అంటే ఎలుక. మాట వేరు, చూపు ఒకటే. సముద్రం అవతల ఉన్నవాళ్లకు కూడా ఈ ఎలుకలో పందే కనబడింది.

మద్రాసు తమిళ ఊరు కదా, ఇంగ్లీషువాళ్లకు తెలుగు మాట ఎట్లా దొరికింది అని అడగొచ్చు. అడగాలి కూడా. వాళ్లు మద్రాసుకు వచ్చింది 1639లో. అంతకు ముందు ఎక్కడున్నారు? 1611లో మచిలీపట్నంలో దిగారు. 1626లో ఎక్కడికి వచ్చారు? మన దుగరాజపట్నానికి! వాళ్ల కాగితాల్లో ఆర్మగాన్ అని ఉంటుంది, అదే మన పులికాటు అంచున ఉన్న దుగరాజపట్నం. అక్కడ కోట కట్టుకుని, సరుకు నిలవ చేసుకుని, ఆ తర్వాతే మద్రాసుకు పోయారు. అంటే దాదాపు ముప్పై ఏళ్లు వాళ్ల గిడ్డంగులు తెలుగు నేల మీద ఉన్నాయి. మద్రాసులోనూ తెలుగువాళ్లకు కొదవ లేదు. గిడ్డంగి ఉన్నచోట పందికొక్కు ఉంటుంది. గిడ్డంగి కాపలావాడు తెలుగువాడైతే, దొర అదేంది అని అడిగితే, వచ్చే జవాబు పందికొక్కే కదా.

చోటు కలిసింది. ఇప్పుడు ధ్వని. ఇది కొంచెం ఓపికగా వినండి. పంది బాండి ఎందుకైంది? నోరు తిరగక అంటారు చాలామంది. నోరు తిరగక అనేది కారణం కాదు, అది మనం చేతులు దులుపుకోవడం. కారణం వేరే ఉంది.

మీ చేతిలో కరపత్రం ఉంది కదా, దాని అంచు సన్నగా చించండి, రెండు వేళ్ల వెడల్పు చాలు. మూతికి నాలుగంగుళాల దూరంలో వేలాడదీసి పట్టుకోండి. ఇప్పుడు పంది అనండి. కాగితం కదిలిందా? దాదాపు కదలదు. ఇప్పుడు ఫలం అనండి, మన ఫ, ఒత్తు ఉన్న ఫ. కాగితం ఎగిరింది కదా? ఇంగ్లీషు పుట్టుభాషగా ఉన్నవాళ్లు పెన్ అన్నప్పుడు, మాట మొదట్లో ఉన్న ప దగ్గర వాళ్ల నోటి నుంచి ఇట్లాగే గాలి వస్తుంది. వాళ్ల చెవికి మాట మొదటి ప అంటే గాలితో వచ్చే ప. గాలి లేకుండా వచ్చే మన ప విన్నప్పుడు వాళ్లకు అది బ కు దగ్గరగా తోస్తుంది. అందుకని పంది వాళ్లకు బందిలా వినబడింది. మనం తప్పుగా పలకలేదు, వాళ్లు తప్పుగా వినలేదు. రెండు భాషల్లో ప కు గీసిన గీత వేరేచోట ఉంది, అంతే.

తర్వాత ద. మన ద పంటికి నాలుక ఆనించి పలుకుతాం. ఇంగ్లీషు డి పళ్ల వెనక చిగురు మీద పలుకుతారు. ఆ డి మన చెవికి డ లా వినిపిస్తుంది. కాబట్టి పంది, బంది అయి, బండి అయింది. చూశారా ఏమైందో! పంది వాళ్ల నోట్లో బండి అయింది. ఇంకో విచిత్రం, మద్రాసు ఇంగ్లీషులో బాండీ అనే మాట విడిగా అప్పటికే ఉంది. ఎద్దుబండికి, గుర్రబ్బండికి బాండీ అనేవాళ్లు. అదీ మన బండే. తమిళంలో అయితే వండి అని వ తో ఉంటుంది. అంటే వాళ్లకు చెవికి అలవాటైన శబ్దం ఒకటి సిద్ధంగా ఉంది, పంది వచ్చి దాని పక్కన చేరింది. ఇక్కడే పొరపాటు పడతారు, బాండికూట్ లో బాండి అంటే బండి అని. కాదు. వినిపించేది బండి, అసలు ఉన్నది పంది.

ఇక కొక్కు. ఇంగ్లీషులో మనకున్నట్టు క్క అని ఒత్తి పలికే ద్విత్వం మాట మధ్యలో ఉండదు. అక్కడ ఒత్తు పోయింది. చివరి ఉ పోయింది. క బదులు ట వచ్చి కూట్ అయింది. కూట్ అని ఇంగ్లీషులో ముందునుంచే ఒక మాట ఉంది. మన నేలపట్టు చెరువులో నుదుట తెల్లటి బొల్లి ఉన్న నల్లటి నీటిపక్షి తిరుగుతుంది చూడండి, బొల్లికోడి, అది కూట్. తెలియని ధ్వని తెలిసిన ధ్వని వైపు ఒరగడం ఏ భాషలోనైనా జరిగేదే. పాత ఇంగ్లీషు రాతల్లో బాండికోట్ అన్న రూపం కూడా ఉంది. అందులో కొక్కులోని ఒ ఇంకా మిగిలి ఉంది. ఈ ఒ ఒకచోట శాశ్వతంగా నిలిచిపోయింది. ఎక్కడ? శాస్త్రీయ నామంలో. 1873లో జాన్ ఎడ్వర్డ్ గ్రే ఈ ఎలుకల ప్రజాతికి బాండికోటా అని పేరు పెట్టాడు. పెద్దది బాండికోటా ఇండికా, చిన్నది బాండికోటా బెంగాలెన్సిస్. ప్రపంచంలో ఏ దేశంలో ఏ శాస్త్రజ్ఞుడు ఈ ఎలుక గురించి రాసినా, తెలిసినా తెలియకపోయినా, ఒక తెలుగు మాట రాస్తున్నాడు.

కాలం సంగతి త్వరగా చెప్పేస్తాను. 1789లో ఇన్నెస్ మన్రో అనే సైనికాధికారి హైదరాలీతో జరిగిన యుద్ధం గురించి, ఈ కోరమాండల్ తీరం గురించి పుస్తకం అచ్చేశాడు. అందులో బాండికూట్ ఉంది. అయితే ఆయన దాన్ని కస్తూరి ఎలుకతో కలిపేశాడు, దీని బాధ కంటే వాసన బాధ ఎక్కువ అని రాశాడు. వాసన దేనిది? చుంచుది! చుంచు అసలు ఎలుక జాతే కాదు. దాని మూతి సూదిలా ఉంటుంది, కళ్లు చిన్నవి, గోడ వారగా పరుగెత్తుతుంది, పురుగుల్ని తింటుంది. పందికొక్కు మూతి మొద్దు, తిండి గింజలూ దుంపలూ. ఇంటికి వచ్చిన రెండు జంతువుల్ని కొత్తవాడు ఒకటిగా చూశాడు. మాట సరిగ్గానే పట్టుకున్నాడు, వస్తువు తప్పాడు. పాత పుస్తకాల్ని సాక్ష్యానికి తెచ్చుకునేటప్పుడు ఈ జాగ్రత్త ఉండాలి. పుస్తకం పాతదైనంత మాత్రాన అందులో ఉన్నదంతా సరైనది కాదు.

ఇప్పుడు మాట ఓడెక్కుతుంది. ఇంగ్లీషువాళ్లు సిడ్నీ దగ్గర దిగింది 1788లో. పదకొండేళ్లకు, 1799లో, జార్జ్ బాస్ రాతలో బాండికూట్ అన్న మాట ఆస్ట్రేలియా జంతువుకు వాడి ఉంది. బాస్ ఓడలో వైద్యుడు, తీరాలు వెతికినవాడు. టాస్మానియాకీ ఆస్ట్రేలియాకీ మధ్య జలసంధికి ఆయన పేరే ఉంది. వాళ్లకు అక్కడ ఏం కనబడింది? ఎలుక కంటే పెద్దగా, పొడుగుమూతితో, రాత్రి తిరుగుతూ, నేలలో మూతి పెట్టి తవ్వే జంతువు. ఇండియా ఎరిగినవాళ్ల నోట్లో దానికి సిద్ధంగా ఒక మాట ఉంది. పెట్టేశారు.

కానీ ఆ జంతువుకూ మన పందికొక్కుకూ చుట్టరికమే లేదు. అది ఎలుక కాదు. కంగారూ వర్గంది. దాని సంచి నోరు వెనక్కి తెరుచుకుంటుంది. ఎందుకో ఊహించండి? ముందు కాళ్లతో తవ్వేటప్పుడు మట్టి పిల్లల మీద పడకుండా. కొన్నిట్లో గర్భం పన్నెండు రోజులే, పుట్టాక పిల్ల సంచిలో పెరుగుతుంది. నేలలో గరాటు ఆకారంలో గుంటలు తవ్వి పురుగుల్ని, వేళ్లను తింటుంది. గింజలు దాచదు, గాదెలు గుల్ల చేయదు. ఆ నేల మీద పుట్టినవాళ్లకు వాటికి చక్కటి పేర్లున్నాయి. పశ్చిమాన క్వెండా అంటారు. పెద్ద చెవులున్న రకానికి తూర్పున బిల్బీ అన్న పేరుంది. దాన్ని ఇంగ్లీషువాళ్లు కుందేటి చెవుల బాండికూట్ అని రాసుకుని, తర్వాత బిల్బీ దగ్గరికే వచ్చారు. ఇంకొక రకం ఉండేది, ముందు కాళ్లకు రెండే వేళ్లు, పంది గిట్టల్లా. దానికి పందికాళ్ల బాండికూట్ అని పేరు పెట్టారు. ఆ పేరును తెలుగులో విప్పి చూడండి. పందికాళ్ల పందికొక్కు! పంది రెండుసార్లు వచ్చింది. పేరు పెట్టినవాడికి బాండిలో పంది ఉన్నట్టు తెలియదు. పాపం ఆ జీవి గత శతాబ్దంలో పూర్తిగా అంతరించిపోయింది.

ఇట్లాంటి ప్రయాణం మన జిల్లా పేరు కూడా చేసింది, ఒక్క నిమిషం ఆ సంగతి. బ్రెజిల్‌లో మాంసం కోసం పెంచే పశువుల్లో అన్నిటికంటే ఎక్కువ ఉన్న జాతి పేరు నెలోరె. ఒక ఎల్ తో రాస్తారు. నెల్లూరే అది. కానీ జాతి ఏది? ఒంగోలు జాతి. ఒంగోలు పశువుకు నెల్లూరు పేరెందుకు వచ్చింది? అప్పట్లో ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉంది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అటు పోయింది, 1970లో ఒంగోలు జిల్లా అయింది, 1972లో ప్రకాశం అయింది. ఇక్కడ జిల్లా హద్దులు మారాయి, అక్కడ పశువు పేరు మారలేదు. ఒంగోలు నుంచి వచ్చినవాళ్లు నొచ్చుకోవద్దు, గిత్త మీదే.

మళ్లీ మన మాటకు వద్దాం. ఇప్పటిదాకా సరైన లంకె చూశాం. తప్పు లంకె ఒకటి చూపిస్తాను. 1886లో యూల్, బర్నెల్ అనే ఇద్దరు హాబ్సన్ జాబ్సన్ అనే పెద్ద నిఘంటువు అచ్చువేశారు. భారతదేశపు ఇంగ్లీషు మాటలకు అది గొప్ప పుస్తకం. బాండికూట్ తెలుగు పందికొక్కు నుంచి వచ్చిందని వాళ్లు సరిగ్గానే చెప్పారు. 1903లో ఆ పుస్తకాన్ని పెంచి మళ్లీ అచ్చువేసిన విలియం క్రూక్, ఆ వెంటనే, ఆస్ట్రేలియాలో బంగారు గనుల ఊరు బెండిగోకు కూడా ఈ మాటే మూలం అని చేర్చాడు. అబ్బ, ఎంత బాగుంటుంది కదా, పందికొక్కు పేరుతో బంగారు గనుల ఊరు! కానీ నిజం కాదు. బెండిగో అనేది విలియం థాంప్సన్ అనే ఇంగ్లండు పిడిగుద్దుల ఆటగాడి మారుపేరు. బైబిల్లోని అబెద్నెగో అన్న పేరు నుంచి వచ్చింది. ఆయన్ను చూసి అక్కడ పశువుల దొడ్డి దగ్గర పనివాడొకడికి ఆ పేరు పెట్టారు, వాడి పేరు వాగుకు వచ్చింది, వాగు పేరు ఊరికి వచ్చింది. ఇక్కడ కలిసిందేమిటి? బాండి, బెండి అన్న శబ్దం ఒక్కటే. వస్తువు కలవలేదు. ఆ ఊరికీ ఆ జంతువుకూ లంకె ఎక్కడా చూపలేదు. అంత పెద్ద పుస్తకం కూడా ఒకచోట సరైనది చెప్పి, ఆ పక్కనే జారిపోయింది.

ఇక వాడకం. ఇంగ్లీషు చెప్పే పంతుళ్లు, అనువాదం చేసేవాళ్లు ఈ భాగం రాసుకోండి.

ఉచ్చారణలో ఊత మొదటి భాగం మీద పడుతుంది, బాం దగ్గర. కూట్ దీర్ఘంగా ఉంటుంది గానీ ఊత అక్కడ కాదు. బహువచనానికి మామూలుగా చివర ఎస్ చేరిస్తే చాలు. మన పొలాల్లో ఉన్నదాని గురించి ఇంగ్లీషులో రాసేటప్పుడు బాండికూట్ అని ఊరుకోకండి, బాండికూట్ రాట్ అని రాయండి. ఎందుకంటే చదివేవాడు ఆస్ట్రేలియావాడైతే ఒట్టి బాండికూట్ అనగానే వాడి కళ్లముందు సంచి ఉన్న జంతువు వస్తుంది, దాన్ని మందు పెట్టి చంపమంటున్నారేమిటి అని నివ్వెరపోతాడు. అక్కడ చాలా రకాలకు చట్టం రక్షణ ఉంది.

తెలుగులోకి తెచ్చేటప్పుడు ఇంకా జాగ్రత్త. బాండికూట్ కనబడగానే పందికొక్కు అని రాసేయకండి. ముందు అడగండి, ఎక్కడి బాండికూట్? ఇండియా, లంక, బర్మా వైపు అయితే పందికొక్కు. ఆస్ట్రేలియా, న్యూగినీ అయితే బాండికూట్ అనే ఉంచి, పక్కన సంచిజాతి జంతువు అని రెండు మాటలు చేర్చండి. ఆస్ట్రేలియాలో పందికొక్కులను కాపాడుతున్నారు అని తెలుగులో రాస్తే, కలిగిరిలో వేరుశనగ వేసిన రైతు చదివి ఏమనుకోవాలి? మాట మన ఇంట్లోదే, కానీ తిరిగి వచ్చేటప్పుడు వేరే వస్తువును మోసుకొచ్చింది. ఇంటికి వచ్చిందని చూడకుండా లోపలికి తీసుకోకూడదు.

పలుకుబడులు కూడా అట్లాగే వేరు. మనకు పందికొక్కు అంటే దోపిడి, తిండిపోతుతనం. ఆస్ట్రేలియా ఇంగ్లీషులో బాండికూట్ అంటే దిగులు, దిక్కులేనితనం. బాండికూట్ అంత దిగులుగా ఉన్నాడు అంటారు. బాండికూట్ అంత బట్టతల అని కూడా అంటారు. కాబట్టి తెలుగులో తిట్టు అనుకున్నదాన్ని అక్కడ వాడితే జాలిపడినట్టు అవుతుంది.

అన్నిటికంటే నాకు ముచ్చటైంది ఒక క్రియ. ఆస్ట్రేలియావాళ్లు ఈ మాటను క్రియగా చేశారు. టు బాండికూట్. అంటే ఏమిటి? ఆలుగడ్డ చేలో రాత్రిపూట పోయి, మొక్కను పీకకుండా, పక్కనుంచి చెయ్యి పెట్టి తవ్వి, గడ్డలు మాత్రం తీసుకుని, మట్టి సర్దేసి పోవడం. పైన ఆకు పచ్చగానే నిలబడి ఉంటుంది. తెల్లారి చేనుగలాయన వచ్చి చూసినా తెలియదు, మొక్క వాడేదాకా తెలియదు. ఇది విన్నాక మీకేం గుర్తొస్తుంది? కందుకూరు, కలిగిరి వైపు వేరుశనగ చేలల్లో ఏం జరుగుతుంది? కాయ ఊరే వేళకు కింద నుంచి కాయలు తీసేస్తుంది, చెట్టు పైకి బాగానే ఉంటుంది, పట్టి లాగితే ఊడలే మిగులుతాయి. గాదె కింద పందికొక్కు అన్న సామెతలో ఉన్నదీ ఇదే. అక్కడివాళ్లకు మన గాదె తెలియదు, మన సామెత తెలియదు. వాళ్ల జంతువు తవ్వకాన్ని చూసి వాళ్లు చేసుకున్న క్రియ. అయినా పైన నిండుగా, కింద ఖాళీగా అన్న అదే తలపు దగ్గరికి చేరింది.

చివరిగా ఇప్పటి వాడకం ఒకటి. మురుగుగుంటల్లోకి మనుషుల్ని దించి ఊపిరాడక చంపుకుంటున్నాం కదా మన దేశంలో. ఆ పని మనిషి చేయకుండా మ్యాన్‌హోల్ శుభ్రం చేసే యంత్రాన్ని కేరళ కుర్రాళ్లు తయారుచేసి 2018లో పనిలో పెట్టారు. జెన్‌రోబోటిక్స్ అనే సంస్థ. ఆ యంత్రం పేరు బాండికూట్. మలయాళులు చేసిన యంత్రం, వాళ్ల భాషలో ఆ జంతువు పెరుచ్చాళి, పెట్టిన పేరు ఇంగ్లీషుది, ఆ ఇంగ్లీషు మాట తెలుగుది. మురుగుకాలవలో తిరిగేది కాబట్టి ఇక్కడ మాట మళ్లీ మొదటి వస్తువు దగ్గరికే వచ్చింది, ఆస్ట్రేలియా జంతువు దగ్గరికి పోలేదు.

ప్రశ్నలు రాసి పంపారు, ఒక్కదానికి జవాబు చెప్పి ముగిస్తాను. తెలుగు లిపిలో దీన్ని బాండికూట్ అని రాయాలా, బ్యాండికూట్ అనా? బ్యాంకు రాసే తీరులో బ్యాండికూట్ అని రాసినా తప్పు లేదు. ఒక వ్యాసంలో ఏది మొదలుపెడితే చివరిదాకా అదే ఉంచండి. బండికూట్ అని మాత్రం రాయకండి, చదివేవాళ్లు బండి అనుకుంటారు. బడిలో చెప్పేటప్పుడు బోర్డు మీద పైన పందికొక్కు, దాని కింద బాండికూట్ రాసి, ప కింద బ, ద కింద డ వచ్చేట్టు అక్షరాలు ఎదురెదురుగా పెట్టండి. పిల్లలకు కాగితం ముక్క ఇచ్చి పంది, ఫలం అనిపించండి. ఐదు నిమిషాల పని.